తీర్పు వెలువడిన మరునాడు: వరాహగిరి వేంకటగిరి స్మారకోపన్యాసము



వరాహగిరి వేంకటగిరిగారి పేరు విన్నంతనే దేశమునకు నాల్గవ రాష్ట్రపతి జ్ఞప్తికి వచ్చును, శ్రామికలోకమునకు రైల్వే సంఘముల పెద్ద జ్ఞప్తికి వచ్చును. బరంపురమునకు మాత్రము ప్లీడరు జోగయ్యపంతులుగారి అబ్బాయి జ్ఞప్తికి వచ్చును. 1894 ఆగస్టు 10వ తేదీన, నాటి చెన్నరాజధానిలోని గంజాం మండలమున, ఈ పట్టణముననే జన్మించి, కళ్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రాధ్యయనమునకై ఐర్లండు దేశపు డబ్లిను నగరమునకు పోయి, అచ్చటి స్వాతంత్ర్యసమర జ్వాలలు తన్ను గూడ సోకగా, 1916 జూను మాసములో దేశము విడిచి పొమ్మను తాఖీదును, అదే మాసములో బారిష్టరు పట్టాను పుచ్చుకొని స్వదేశమునకు మరలివచ్చిన ఆ యువకునికి, చట్టము చదివినవానిపై చట్టమే ఎదురు తిరిగినచో ఎట్లుండునో ఇరువదిరెండేండ్లు నిండకమునుపే అనుభవమునకు వచ్చినది. తల్లి సుభద్రమ్మగారు శాసనోల్లంఘనోద్యమకాలమున ఈ ఊరిలోనే అరెస్టయిన దేశసేవిక. ఆ ఇంటిలో వకాలతునామాలకును దేశసేవకును ఎడము లేదు.

అయితే గిరిగారు నల్లకోటు తొడుగుకొన్న కాలము స్వల్పము. కొలదియేండ్లు వకీలుగా పనిచేసి, గాంధీమహాత్ముని పిలుపు నందుకొని 1920లో కోర్టులను విడిచిపెట్టిరి. వృత్తిని విడిచిన మహనీయుని పేర ఆ వృత్తిని గూర్చియే ఉపన్యసించుట, అందులోను అంతర్జాతీయ ఇంధన వివాదముల మధ్యవర్తిత్వము, వాణిజ్య వ్యాజ్యములు అను డాలర్ల లెక్కల వృత్తిని గూర్చి ఉపన్యసించుట తగునా యని ముందు వరుసలోని పెద్దలు కొందరు కనుబొమలు ముడివేయుచున్నట్లున్నది. తగునని నా మనవి. తగవు తీర్చు విద్యలో తీర్పరిని ఎన్నుకొనుట కష్టమే, వాదము నెగ్గుట కష్టమే. కాని వాటన్నిటికంటె గడ్డు ఘట్టము తీర్పు వెలువడిన మరునాడు వచ్చును. ఆనాడు ఓడినవాడు ఏమి చేయును? ఓడినవాడు ప్రభుత్వమే అయినప్పుడు ఏమి చేయును? ఈ ప్రశ్నకు మన దేశమున మంత్రిపదవిని ఒడ్డి సమాధానము చెప్పిన వకీలు గిరిగారు. ఆ సమాధానమునే నేడు గ్యాసు బావులకును విద్యుత్తు తీగలకును అన్వయించి చూతము.

1

మొదట గిరిగారి పక్షమేమో తెలిసికొనవలెను. 1923లో అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో ఒకరై, 1928లో ఖరగ్‌పూరు కేంద్రముగా, మన ఊరి మీదుగా పోవు బెంగాలు నాగపూరు రైల్వేలో తొలగింపులకు వ్యతిరేకముగా సాగిన సమ్మెకు నాయకత్వము వహించి, అంతకు ముందేడే జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక మహాసభకు శ్రామికుల ప్రతినిధిగా పోయి వచ్చిన ఆయన, 1937లో చెన్నరాజధానికిని, 1952లో కేంద్రమునకును కార్మిక మంత్రి యైనప్పుడు, యజమానియు కార్మికుడును ముఖాముఖి కూర్చుండి తగవు తీర్చుకొనవలెననియు, అట్లు కుదరనిచో ఇరువురును ఇష్టపడి ఒక మధ్యవర్తిని ఎన్నుకొనవలెననియు, సర్కారు తాను నియమించిన ట్రైబ్యునలునకు ఉభయులను బలవంతముగా ఈడ్చుట మాత్రము చివరి గతియై యుండవలెననియు పట్టుపట్టిరి. దీనికి ‘గిరి ఎప్రోచ్’ అని పేరు వచ్చినది. నిర్బంధ విచారణకు అలవాటుపడిన కార్మిక సంఘము సంఘముగా బ్రదుకుట మాని నిత్య దావాదారుగా మారిపోవునని ఆయన భయము. ఆ భయము నిజమగుటను మన కళ్ళతో చూచితిమి.

ఇచ్చట వకీలు మిత్రులకు ఒక్క మాట. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో, ఎదుటి పక్షపు సమ్మతియు ట్రైబ్యునలు అనుమతియు లేనిదే మనవారిని లోపలికి రానీయరాదని ఒక నిబంధన చేర్చిరి. మనమున్నచోట తగవు త్వరగా తెగదని శాసనకర్తలకు గట్టి నమ్మకముండెను కాబోలు.

2

ఇక 1954. దేశమందలి బ్యాంకు ఉద్యోగుల జీతభత్యముల తగవు అప్పటికే ఏండ్లతరబడి నలుగుచుండెను. 1949లో కె.సి. సేన్ అధ్యక్షతను ఒక ట్రైబ్యునలు ఏర్పడి మరుసటియేట అవార్డు నిచ్చెను. ఆ విచారణ నడుమ సభ్యులలో ఒకరైన చంద్రశేఖర అయ్యరుగారిని భారత పాకిస్తాను సరిహద్దు వివాదముల ట్రైబ్యునలునకు పంపిరి. మిగిలినవారు విచారణ సాగించిరి. అయ్యరుగారు ఆ పని ముగించుకొని వచ్చి తిరిగి తమ కుర్చీలో కూర్చుండిరి. ఒక మధ్యవర్తిత్వములో పనిబడి మరియొక మధ్యవర్తిత్వమునుండి లేచిపోయిన ఆ ముచ్చట ఎంత ఖరీదైనదో 1951లో సుప్రీంకోర్టు చెప్పినది: ట్రైబ్యునలు సక్రమముగా ఏర్పడని కాలమున జరిగిన విచారణ విచారణయే కాదు గనుక అవార్డు అంతయు చెల్లదు! ముగ్గురు కూర్చుండవలసిన చోట ఇద్దరు కూర్చున్న పాపమునకు వేలాది గుమాస్తాల జీతముల లెక్క మొదటికి వచ్చినది. నేటికిని అంతర్జాతీయ మధ్యవర్తిత్వమున జూనియరునకు నేర్పు మొదటి పాఠము ఇదే. ముందుగా న్యాయపీఠము సక్రమముగా అమరినదా చూడుము, పిమ్మట న్యాయమును గూర్చి మాటాడుము.

తరువాత శాస్త్రిగారి అధ్యక్షతను మరియొక ట్రైబ్యునలు 1953లో అవార్డు నిచ్చినది. దానిపై అప్పీళ్ళు విని లేబరు అప్పిలేటు ట్రైబ్యునలు 1954 ఏప్రిలులో తీర్పు చెప్పినది. ఆ తీర్పు బ్యాంకులకు, ముఖ్యముగా చిన్నబ్యాంకులకు, మోయరాని భారమని తలంచిన కేంద్రప్రభుత్వము చట్టము తనకిచ్చిన అధికారముతో ఆగస్టులో దానిని సవరించెను. సవరించుటకు అధికారము లేదని ఎవ్వరును అనలేదు. కాని కార్మిక మంత్రిగా నున్న గిరిగారు, ఉభయ పక్షములను ట్రైబ్యునలునకు పంపినది మనమే, తీర్పునకు కట్టుబడుడని ఉద్యోగులకు చెప్పినది మనమే, ఇప్పుడు మనమే దానిని దిద్దినచో రేపటినుండి మన మాట వినువారెవ్వరన్న భావముతో రాజీనామా సమర్పించి బయటికి వచ్చిరి. దేశమంతట అలజడి చెలరేగగా సర్కారు మరల ఒక విచారణ సంఘమును వేయవలసి వచ్చెను. ఆ సంఘమునకు చెందిన గజేంద్రగడ్కరుగారి నివేదిక పిమ్మట 1955లో చట్టము చేసి ఆ తగవును ముగించిరి.

గిరిగారికి ట్రైబ్యునళ్ళన్నచో గిట్టదు. తాను గిట్టదని చెప్పుచు వచ్చిన యంత్రము వెలువరించిన తీర్పును కాపాడుటకే ఆయన పదవిని వదలుకొనిరి. తన వ్యవస్థ నెగ్గలేదన్న అలుకతో పోయినవారు కారు. తీర్పరిని ఎన్నుకొను పద్ధతిపై ఎంత పేచీయైనను పెట్టుకొనవచ్చును. అది తీర్పునకు ముందు. తీర్పు వచ్చిన తరువాత పేచీకి హద్దుండవలెను. ఈ రెండింటిని ఇంత స్పష్టముగా వేరుచేసి ఆచరించి చూపిన రాజకీయ నాయకుని నేను మరియొకరిని ఎరుగను.

3

ఇప్పుడు ఇంధనమునకు వత్తము. బొగ్గు గనిలోను, సముద్రగర్భపు గ్యాసు బావిలోను, విద్యుత్కేంద్రములోను పెట్టిన సొమ్ము ఒకసారి పాతినదే గాని మరల మూటగట్టుకొని పోవుటకు వీలైనది కాదు. ఒప్పందములు పాతికేండ్లకు తగ్గవు. ఆ పాతికేండ్లలో ప్రభుత్వములు మారును, బొగ్గు ధర మారును, పన్నులు మారును, తుపానులు వచ్చును. అంతకు మించిన చిక్కు మరియొకటి: సముద్రము అడుగున నున్న ఖనిజసంపద రాజ్యాంగము 297వ అధికరణము చొప్పున కేంద్రప్రభుత్వముది, అనుమతుల నిచ్చునది ప్రభుత్వము, పలుమారు కొనుగోలుదారును ప్రభుత్వ సంస్థయే. యజమాని, తనిఖీదారు, ఖాతాదారు ఒక్కరే యైనప్పుడు ఎదుటివాడు ఆ దేశపు కోర్టును గాక మూడవచోటి తీర్పరిని కోరుట సహజము. అందుచేతనే ఈ తగవులు సింగపూరుకును, లండనుకును, హేగునకును ప్రయాణము కట్టుచున్నవి.

తగవుల స్వరూపము తెలియుటకు ఒకటి చెప్పుదును. గుజరాతులోని ముంద్రాలో టాటా, అదానీల విద్యుత్కేంద్రములు ఇండొనేషియా బొగ్గును నమ్ముకొని తక్కువ రేటునకు విద్యుత్తు అమ్మెదమని టెండరు నెగ్గినవి. ఇండొనేషియా ప్రభుత్వము ఎగుమతి బొగ్గు ధరను ప్రపంచ విపణి ధరకు ముడివేసెను. ఇది దైవికమైన అవాంతరము, మాకు రేటు పెంచుడని వారు కోరిరి. 2017 ఏప్రిలు 11న సుప్రీంకోర్టు, ఖరీదు పెరిగినంత మాత్రమున ఒప్పందము అసాధ్యమైపోదని, పరదేశపు చట్టములోని మార్పు మన ఒప్పందమునకు చట్టపు మార్పు కాదని తేల్చెను. రెండు వాక్యములలో ఇమిడిన ఈ తీర్పు వెనుక ఎన్ని సంపుటముల కాగితములు, ఎందరు ఆర్థిక నిపుణుల లెక్కలు ఉండునో ఊహించుకొనుడు.

ఈ వృత్తిలో ప్రవేశించు యువకుడు మొదట కొన్నియేండ్లు వాదింపడు; చదువును. ఒప్పందము, దాని అనుబంధములు, ఇంజనీర్ల ఉత్తరములు, సమావేశపు మినిట్సు చదువును. ఎదుటి పక్షమునుండి ఏ పత్రములు కావలెనో నాలుగు గడుల పట్టికలో వ్రాయును: ఏ పత్రము, ఎందుకు, ఎదుటివారి అభ్యంతరమేమి, ట్రైబ్యునలు నిర్ణయమేమి. ఈ పట్టికను లండను నగరపు రెడ్‌ఫర్న్ అను న్యాయవాది పేర రెడ్‌ఫర్న్ షెడ్యూలు అని వ్యవహరింతురు. నాలుగవ గడి మాత్రము మనది కాదు, దానిని ట్రైబ్యునలు నింపును. ఒక్కొక్క తగవులో ఈ పట్టిక వందల పుటలకు పెరుగును. ఆ పుటలలోనే గెలుపోటములు సగము తేలిపోవును. విచారణ దినములలో ఉభయ పక్షములకును గంటలు సరిసమానముగా పంచి, బల్లపై గడియారము పెట్టి కొలుతురు. నీవు ఒక సాక్షిని గంటసేపు క్రాసు చేసితివా, ఆ గంట నీ లెక్కలో పోయినది. మన జిల్లాకోర్టులో వాయిదా అడిగినంత సులభముగా అచ్చట ఐదు నిమిషములు అడుగుటకు సాధ్యము కాదు. నోరు పెద్దదైన వకీలు అచ్చట త్వరగా బీదవాడగును.

అట్లని కోర్టు వ్యాజ్యము నేర్వనివాడు ఈ వృత్తిలో రాణింపడు. మధ్యవర్తిత్వమునకు ముందు తాత్కాలికోత్తరువు కావలెనన్న కోర్టు; అవార్డును కొట్టివేయింప వలెనన్న కోర్టు; అమలు జరిపించుకొనవలెనన్న కోర్టు. మన 1996 నాటి చట్టములో 9, 34, 48 సెక్షనులు ఈ మూడు గుమ్మములు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు, విదేశీ వకీలులు ఇచ్చట ప్రాక్టీసు పెట్టరాదనుచునే, అంతర్జాతీయ వాణిజ్య మధ్యవర్తిత్వములకు వారు వచ్చుటను పూర్తిగా నిషేధింపజాలమని చెప్పిన తరువాత, పోటీ మన గుమ్మములోనికే వచ్చినది. ఇది మంచికే.

4

అంతర్జాతీయ మధ్యవర్తిత్వములో ‘సీటు’ అను మాట ఒకటి కలదు. ఏ దేశపు కోర్టులు ఆ విచారణపై అధికారము కలిగియుండునో ఆ స్థానమది. ఒప్పందమునకు వర్తించు చట్టము వేరు, సీటు వేరు, కుర్చీలు వేసికొని కూర్చుండు ఊరు వేరు. ఈ మూడును మూడు దేశములలో ఉండవచ్చును. విద్యార్థులకు ఇది మింగుడుపడదు. గంజాం వకీలులకు మాత్రము మన తాతల నాడే అలవాటైన సంగతి. 1936 మార్చి వరకు బరంపురపు అప్పీళ్ళు చెన్నపురి హైకోర్టునకు పోయెడివి. ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా పాట్నాకు పోయినవి. 1948 జూలై 26న కటకములో హైకోర్టు వెలసినది మొదలు అచ్చటికి పోవుచున్నవి. కాని ఈ మండలపు జమీందారీ రైతుల శిస్తులకు ఆనాడు వర్తించిన చట్టము మాత్రము 1908 నాటి మదరాసు ఎస్టేట్సు ల్యాండు యాక్టే! చెన్నపురి చట్టమును పాట్నా న్యాయమూర్తుల యెదుట గంజాం రైతు పక్షమున వాదించిన పెద్దలకు ఈ సీటు ముచ్చటలు వింతగా తోచియుండవు.

ఇంకను ముఖ్యమైనది గారబంధ రైతుల కేసు. పర్లాకిమిడి జమీందారీలోని మూడు గ్రామముల రైతుల శిస్తును రెవిన్యూ బోర్డు నిర్ణయించెను. బోర్డు కచేరీ చెన్నపట్టణమున నున్నది. పొలములు గంజాములో నున్నవి. బోర్డు ఉత్తరువును రద్దుచేయుడని రైతులు చెన్నపురి హైకోర్టును ఆశ్రయించిరి. 1943లో ప్రీవీ కౌన్సిలు, కచేరీ పట్టణమున ఉన్నంత మాత్రమున ఆ హైకోర్టునకు పట్టణపు హద్దులు దాటిన గంజాం వ్యవహారముపై సర్షియోరరీ రిట్టు జారీచేయు అధికారము రాదని చెప్పెను. రైతులు ఓడిపోయిరి. ఆ ఫలితము నా మనస్సునకు నేటికిని కష్టముగనే యున్నది. కాని అధికారి కూర్చున్న చోటు వేరు, అధికారము పుట్టిన చోటు వేరు అను సూత్రము మన పొలముల పేరనే న్యాయనివేదికల కెక్కినది.

ఆ సూత్రమే అరువదియెనిమిదేండ్ల తరువాత గోదావరి సముద్రసంగమ ప్రాంతమునుండి మరల తల ఎత్తినది. కోనసీమ తీరమునకు ఆవల రవ్వ చమురుక్షేత్రమును గూర్చి 1994 అక్టోబరు 28న కేంద్రప్రభుత్వము ఒక ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందము చేసికొనెను. ఓఎన్‌జీసీ, వీడియోకాన్, తరువాత కెయిర్న్‌గా మారిన కమాండ్ పెట్రోలియం, రవ్వ ఆయిల్ సింగపూరు భాగస్వాములు. ఒప్పందమునకు భారత చట్టము, మధ్యవర్తిత్వపు ప్రకరణమునకు ఆంగ్ల చట్టము, సీటు కౌలాలంపూరు. 2003లో విచారణ ఆరంభింపబోవు సమయమున తూర్పు ఆసియాను సార్స్ మహమ్మారి కమ్ముకొనెను. ట్రైబ్యునలు ఆమ్‌స్టర్‌డాములో కూర్చుండెను, పిమ్మట లండనులో కూర్చుండెను. ఇక సీటు కూడ లండనునకు పోయినదా? ఢిల్లీ కోర్టునకు ఇందులో జోక్యము కలదా? 2011 మేలో సుప్రీంకోర్టు రెండింటికిని లేదనియే చెప్పెను. వ్యాధికి భయపడి కుర్చీలు కదలినవి గాని సీటు కదలలేదు. కదల్చవలెనన్న ఉభయులును సంతకము చేసి ఒప్పందమునే సవరించుకొనవలెను.

5

రవ్వ కథ అంతటితో ఆగలేదు. అసలు గడ్డు ఘట్టము తరువాతనే వచ్చినది. అభివృద్ధి వ్యయమునకు ఒప్పందములో 188.98 మిలియను డాలర్ల పరిమితియు, దానిపై ఐదు శాతపు వెసులుబాటును ఉండగా, కంపెనీలు 278 మిలియనుల వరకు వ్యయమును రాబట్టుకొనుట తగునా కాదా అన్నది తగవు. 2011 జనవరి 18న మధ్యవర్తులు తగునని అవార్డు నిచ్చిరి. ప్రభుత్వము దానిని మలేషియా హైకోర్టులో సవాలు చేసెను, ఓడెను. అప్పీలు కోర్టునకు పోయెను, ఓడెను. ఫెడరలు కోర్టు గడప తొక్కెను, అనుమతియే దొరకలేదు. అప్పుడు ఢిల్లీలో అమలును అడ్డుకొనజూచెను. 2020 సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు ఆ అభ్యంతరములను త్రోసిపుచ్చెను.   అవార్డునకును అమలునకును నడుమ గడచినది తొమ్మిదేండ్ల పైమాట.

ఈ ఆలస్యము వలన దేశమునకు కలిగిన నష్టము వడ్డీ మాత్రమే కాదు. ఆస్ట్రేలియాకు చెందిన వైట్ ఇండస్ట్రీస్ అను సంస్థ పిపర్వార్ బొగ్గుగని విషయమున కోలిండియాపై 2002లో నలుబది లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పైచిలుకు అవార్డు గెలిచెను. మొత్తము చిన్నది. మన కోర్టులలో అది ఏండ్లు నానగా, ఆ సంస్థ పెట్టుబడుల ఒప్పందము క్రింద భారతదేశముపైననే వేరొక మధ్యవర్తిత్వము తెచ్చి, హక్కును సాధించుకొనుటకు ఫలప్రదమైన మార్గమును భారతదేశము కల్పింపలేదని 2011 నవంబరు 30న గెలిచెను. ఆ సంచలనములో మన సర్కారు పాత పెట్టుబడి ఒప్పందములను చాలవరకు రద్దుచేసికొని, విదేశీ పెట్టుబడిదారుడు ఐదేండ్లు ఇచ్చటి కోర్టులలో తిరిగిన పిమ్మటనే బయటికి పోవలెనను కొత్త నమూనాను తయారుచేసెను. కోర్టుల జాప్యమే దోషమని తీర్పు వచ్చినచో, దానికి మందుగా అదే జాప్యమును నియమము చేసితిమి!

ఇక్కడ నన్ను ఆపి, ప్రజల సొత్తు విషయమున ప్రభుత్వము తలవంచి ఊరకుండవలెనా యని అడుగవచ్చును. అక్కరలేదు. కృష్ణా గోదావరి బేసినులో ఓఎన్‌జీసీ బ్లాకులనుండి పక్కనున్న రిలయన్సు బ్లాకులోనికి గ్యాసు ప్రవహించినది; గ్యాసునకు హద్దురాళ్ళు తెలియవు గదా. ప్రభుత్వము 1.55 బిలియను డాలర్లు అడిగెను. 2018 జూలైలో ముగ్గురు మధ్యవర్తులలో ఇద్దరు ప్రభుత్వమునకు వ్యతిరేకముగా చెప్పిరి, మాజీ న్యాయమూర్తి సింఘ్వీగారు విభేదించిరి. 2023లో ఢిల్లీ హైకోర్టు ఏక న్యాయమూర్తి అవార్డును నిలిపిరి. 2025 ఫిబ్రవరిలో డివిజను బెంచి కొట్టివేసెను. ప్రజలకు ధర్మకర్తగా నున్న ప్రభుత్వము ఇట్టి సందర్భమున పోరాడుటను నేను తప్పుపట్టను. నా అభ్యంతరము వేరు. అప్పీలు చేసినందుకు ఏ అధికారిని ఎవ్వరును ప్రశ్నింపరు. చేయనందుకు మాత్రము ఆడిటువారు, విజిలెన్సువారు ప్రశ్నింతురు. అందుచేత న్యాయము తోచి వేసిన అప్పీలును, ఫైలుకు భయపడి వేసిన అప్పీలును పైకి ఒకేరీతిగా కనిపించును. ఇట్టి సవాళ్ళకు చట్టమిచ్చు దారియు స్థిరముగా లేదు. 1993లో రేణుసాగర్ విద్యుత్ సంస్థకును జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకును నడుమ వ్యాజ్యములో సుప్రీంకోర్టు విదేశీ అవార్డును నిరాకరించుటకు సన్నని ద్వారము మాత్రము ఉంచెను. 2003లో సా పైప్సు కేసు దేశీయ అవార్డుల విషయమున ఆ ద్వారమును బార్లా తెరచెను. 2015లో పార్లమెంటు మరల ఓరగా మూసెను. తలుపును తెరచుచు మూయుచు ఉండుటలో ఇరువదియేండ్లు గడచినవి.

2024 జూను 3న ఆర్థిక మంత్రిత్వశాఖ మరియొక త్రోవ పట్టినది. ప్రభుత్వ కాంట్రాక్టులలో పదికోట్లకు లోబడిన తగవులకే సాధారణముగా మధ్యవర్తిత్వపు ప్రకరణము వ్రాసికొనవలెనని, పెద్ద తగవులకు మీడియేషను గాని కోర్టులు గాని మేలని మార్గదర్శకములు వెలువరించెను. మధ్యవర్తిత్వము ఖరీదైనదనుట, ఆలస్యమగుచున్నదనుట, అందులో నిజము లేకపోలేదు. కాని ఆ ఆలస్యములో సవాళ్ళ వాటా ఎంత, ఆ సవాళ్ళు వేసినదెవరు అను లెక్క ఆ కాగితములో కానరాదు. గిరిగారే కార్మిక మంత్రిగా ఉండినచో ఆ ఫైలుపై ఏమి వ్రాసియుందురో ఊహించుట నాకు కష్టముగా లేదు.

వకీలు ధర్మము ఈ ఘట్టముననే పరీక్షకు వచ్చును. ఓడిన కక్షిదారు ప్రభుత్వమైనను కంపెనీయైనను మొదట అడుగునది ఒక్కటే: ఎచ్చట సవాలు చేయుదము? ఫీజు రాగల ఆ ప్రశ్నకు, ఇందులో పస లేదు, సొమ్ము కట్టివేయుడని వ్రాతమూలకముగా సలహా చెప్పగల సీనియరు అరుదు. అట్టి సలహా ఫైలులో ఉన్నచో సంతకము పెట్టు అధికారికి వెన్ను దన్నుగా నుండును. వాదనాపటిమకు బిరుదము లిచ్చు మనము ఈ సలహాకు ఎన్నడును శాలువా కప్పలేదు.

6

ఇదంతయు దూరదేశముల గొడవ అనుకొనకుడు. దేశములో విద్యుత్తు సంస్కరణలకు మొదట దిగినది ఈ రాష్ట్రమే, 1996 ఏప్రిలులో. 1999లో దక్షిణ ఒరిస్సా పంపిణీని సౌత్‌కో పేర ప్రైవేటు యాజమాన్యమునకు అప్పగించిరి. కోర్టుపేటలోని ఆ కార్యాలయపు మెట్లు మీలో ఎక్కనివారుండరు. అదేయేట మధ్య ఒరిస్సా పంపిణీని అమెరికా దేశపు ఏఈఎస్ కంపెనీ తీసికొని, పెనుతుపాను వచ్చిపోయిన పిమ్మట 2001లో విడిచిపెట్టి పోగా ఆ తగవు మధ్యవర్తుల యెదుటికి పోయెను. సౌత్‌కో లైసెన్సును 2015లో నియంత్రణ సంఘము రద్దుచేసెను. 2021 జనవరి 1నుండి టాటా పవర్‌కు 51, రాష్ట్రప్రభుత్వపు గ్రిడ్కో సంస్థకు 49 శాతము వాటాలతో కొత్త సంస్థ వచ్చినది. అంతకు పూర్వమే, 1946లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తునకై మదరాసు, ఒరిస్సా ప్రభుత్వములు డెబ్బది ముప్పది పాళ్ళలో ఒప్పందము చేసికొనినవి. తరువాత ఒరిస్సా పాలు సగమునకు పెరిగినది. ఎంత పేచీపడినను ఆ రెండు ప్రభుత్వములు ఆ టర్బయినులను ఆపుకొనలేదు.

2024 జనవరిలో ఆక్మే సంస్థయు జపాను దేశపు ఐహెచ్‌ఐ సంస్థయు ఒక అంగీకారము చేసికొనినవి. ఏటేట నాలుగు లక్షల టన్నుల హరిత అమ్మోనియాను ఒడిషాలో ఉత్పత్తిచేసి జపానునకు పంపవలెనన్నది దాని సారాంశము. ఉత్పత్తిస్థానము మన గోపాలపురము. అనగా ఇంతవరకు నేను చెప్పిన వ్యవహారమంతయు మన సముద్రపు ఒడ్డునకే వచ్చుచున్నది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరము దాటినది ఆ గోపాలపురము దగ్గరనే. ఓడ రేవులో నిలువలేని వారమున సరుకు ఆలస్యమైనచో నష్టమెవరిది? గాలి వేగము ఎంత మించినచో దైవికము? జపాను కొనుగోలుదారు వాతావరణశాఖ కొలతను ఒప్పుకొనునా, తన కొలత తాను తెచ్చుకొనునా?

ఈ ప్రశ్నలకు సింగపూరునుండియో లండనునుండియో వచ్చిన ముసాయిదాలో సమాధానములు ముందే వ్రాసియుండును. మన ఊరి యువ న్యాయవాదులు ఆ ముసాయిదాలను చదువుట నేర్వవలెను. సీటు ఎచ్చట, 2021 డిసెంబరులో ప్రారంభమైన హైదరాబాదు అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రమును ఎందుకు కోరరాదు, మధ్యవర్తులలో ఉష్ణమండల తీరపు రేవుల పని ఎరిగినవారు ఒక్కరైనను ఉందురా, అవార్డు మొత్తమును సవాలు కాలమున ఎవరి ఖాతాలో ఉంచవలెను, ఛత్రపురమునుండి వచ్చిన వెల్డరు ఒడియాలోనో తెలుగులోనో సాక్ష్యము చెప్పినచో దుబాసీ ఖర్చు ఎవరు భరించవలెను అన్నవన్నియు సంతకమునకు ముందు అడిగి వ్రాయించుకొనదగిన సంగతులే. ఛత్రపురపు వెల్డరు సంగతి హాస్యమునకు చెప్పలేదు. సాక్షి నోటిమాట ఆంగ్లములోనికి మారుటలో కోట్ల రూపాయల కేసులు తారుమారగుట కలదు. సభాధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. ఇచ్చటను కాలము కొలిచియే ఇచ్చిరి కాబట్టి, మిగిలినది మీ ప్రశ్నలకు విడిచిపెట్టుచున్నాను.